ఏ మిల్లులోనూ నిలవని మనిషి

నాకు పెళ్లయ్యేనాటికి మా బావ రాజాంలో ఒక బియ్యం మిల్లుకి డ్రైవరు. డ్రైవరంటే బండి తోలేవాడని కాదు. మిల్లు నడిపే ఆయిల్ ఇంజన్‌ని చూసుకునే మనిషిని మా వైపు అలాగే అనేవారు. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ బావా అనే పిలిచేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఆ పిలుపే ఉండిపోయింది.

అరవైల చివరి రోజులవి. కోతలై ధాన్యం బళ్లు వరసకట్టే కాలంలో మిల్లు డ్రైవరుకి ఆ వీధిలో ఉండే మర్యాద వేరు. చలి పొద్దుల్లో ఇద్దరు మనుషులు కలిసి చక్రం తిప్పినా ఇంజన్ అంటుకునేది కాదు. మా బావ వచ్చి ఒక్కడే చెయ్యి వేసి విసిరితే నాలుగుసార్లు దగ్గి లేచేది. "మా డ్రైవరున్నంతకాలం నాకు బెంగ లేదు" అని మిల్లు షావుకారు నలుగురిలో అనేవాడట. ఆ మాట విని వచ్చే మా నాన్న నన్నిచ్చాడు.

మిల్లు వెనక మాకొక గది ఇచ్చారు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ గోడకి తగిలించిన కంచుపళ్లెం సన్నగా మోగుతుండేది. మొదట్లో తలనొప్పి వచ్చేది. తరవాత అది మోగుతోందన్న సంగతే మరిచిపోయాను.

మిల్లులో మరలోకి ధాన్యం పోసే మనిషి ఒకడుండేవాడు. మా బావ కంటే నాలుగైదేళ్లు చిన్న. చుట్టరికం ఏమీ లేదుగాని నన్ను అప్పా అనేవాడు, మా బావని బావా అనేవాడు. మా వైపు అప్ప అంటే అక్క. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి మా గదిలోనే తినేవారు. అతనికి ఎండుచేపల పులుసంటే ప్రాణం. "అప్పా, ఇంకేటీ ఒండకు, ఇదుంటే సాలు" అనేవాడు. ఒంటినిండా తవుడు ధూళితో గుమ్మంలో నిలబడి, భుజం మీది తుండుగుడ్డతో దులుపుకుని లోపలికి వచ్చేవాడు.

పెళ్లయిన ఏడాదే, ఒక మధ్యాహ్నం నేను పులుసు దించుతున్నాను. గోడమీద పళ్లెం మోగడం ఆగిపోయింది. ఇంజన్ మాత్రం బరువు దించేసిన ఎద్దులాగ తేలిగ్గా తిరుగుతోంది. మర నుంచి బెల్టు తప్పించేశారన్నమాట. భోజనాల వేళ కాబోలనుకుని కంచాలు పెట్టాను. ఎవరూ రాలేదు. కాసేపటికి మిల్లువైపు నుంచి ఆడవాళ్ల ఏడుపు వినిపించింది.

జరిగింది ఇది. పొద్దుట్నుంచీ బెల్టు అతుకు కాస్త వదులై, కప్పీ మీదకి వచ్చినప్పుడల్లా టప్పుమంటోంది. ఆ బండి ధాన్యం అయిపోతే ఆపి కుట్టుకుందామని మా బావ అనుకున్నాడు. ధాన్యం పోసే అతను ఆ అతుకు ఏమైందో చూద్దామని వంగాడు. భుజం మీది తుండుగుడ్డ కొస తిరుగుతున్న షాఫ్టుకి చుట్టుకుంది. ఒక్కసారి "బావా" అని అరిచాడట. మా బావ పరుగెత్తి బెల్టు తప్పించేలోపే అంతా అయిపోయింది.

నన్ను అటు వెళ్లనివ్వలేదు. సాయంత్రం మా బావ ఇంటికొచ్చి నూతి దగ్గర చేతులు కడుక్కున్నాడు. లోపలికొచ్చి కూర్చుని, మళ్లీ లేచి వెళ్లి కడుక్కున్నాడు.

పోలీసులు వచ్చి అడిగింది రాసుకుని వెళ్లారు. షావుకారు ఏమీ అనలేదు. తోటివాళ్లెవరూ తప్పు పట్టలేదు. చనిపోయినవాడికి తల్లి తప్ప ఎవరూ లేరు. ఆవిడ పక్క పల్లెనుంచి వచ్చి మా గుమ్మంలో కూర్చుని మా బావ చెయ్యి పట్టుకుంది.

"నీ తప్పేటున్నాది నాయినా. ఆడి రాత అంతే. నువ్వు ఆడికి కూడెట్టినోడివి" అంది.

ఆవిడ నాలుగు తిట్లు తిట్టి, దుమ్మెత్తి పోసి వెళ్లి ఉంటే తను బాగుపడి ఉండేవాడినని చాలా ఏళ్ల తరవాత మా బావ నాతో అన్నాడు.

మిల్లుకి కొత్త బెల్టు వేశారు. ధాన్యం పొయ్యడానికి వేరే మనిషి వచ్చాడు. పళ్లెం మళ్లీ మోగింది. మా బావ నెలకి పైగా పనిచేశాడు. ఒకరోజు పొద్దున్నే వెళ్లినవాడు ఎండ ముదరకముందే తిరిగొచ్చాడు.

"సామాను సర్దు. బొబ్బిలి ఎల్పోదాం. అక్కడ మిల్లుకి డ్రైవరు కావాలంట" అన్నాడు.

"ఏటైంది బావా?"

"ఏటీ నేదు. ఇక్కడొద్దు."

నాకూ అదే మంచిదనిపించింది. ఆ మిల్లు గుమ్మం తొక్కకుండా ఉంటే మనసు కుదుటపడుతుందని మా నాన్న కూడా అన్నాడు. షావుకారు కళ్లనీళ్లు పెట్టుకుని పంపించాడు.

బొబ్బిలిలో మంచి ఇల్లు దొరికింది. రాజాం డ్రైవరు వచ్చాడని ఆ మిల్లు యజమాని గొప్పగా చెప్పుకున్నాడు. మొదటి రెండు మూడు నెలలూ మా బావ మామూలుగానే ఉన్నాడు. ఒక్కటే తేడా. భుజం మీద తుండు వేసుకున్న మనిషెవరు ఎదురైనా ఆగి, తీసి చేత్తో పట్టుకోమనేవాడు. మిల్లులోనే కాదు, సంతలో, కాఫీ హోటల్లో, చివరికి పెళ్లిపందిట్లో కూడా. కొందరు నవ్వేవారు, కొందరు కోప్పడేవారు. ఒక ముసలాయన, "ఈ తువ్వాలు మా నాన్నదిరా, నువ్వెవడివి తియ్యమనడానికి?" అని వీధిలో కేకలేశాడు.

తరవాత ఇంజన్ ఆపడం మొదలెట్టాడు. బళ్లు బయట నిలబడి ఉండగా బెల్టు తప్పించి, అతుకంతా వేళ్లతో తడిమి చూసి, మళ్లీ వేసేవాడు. అతుకు బాగానే ఉండేది. గంటకోసారి ఆపితే మిల్లేం నడుస్తుంది? యజమాని పోనీలే అని ఏకంగా కొత్త బెల్టు తెప్పించాడు.

"ఇప్పుడు బాగున్నాదా బావా?" అని అడిగాను.

అన్నం కలుపుతూనే తల అడ్డంగా ఊపాడు.

"అతుకు కొట్టుకుంటంది. నాకు ఇనబడతంది" అన్నాడు.

"కొత్తదే కదా."

"కొత్తదే. అయినా ఇనబడతంది."

ఆ పంట చివరిదాకా కూడా ఉండలేకపోయాడు. ఈసారి తనే చెప్పి మానేశాడు. యజమాని బతిమాలలేదు.

గజపతినగరంలో మూడో మిల్లు. అక్కడి యజమాని మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, నింపాదిగా అడిగాడు.

"రాజాం వదిలేసినావు, బొబ్బిలి వదిలేసినావు. ఎందుకోయ్?"

"సరిపడనేదండి."

"నీకు మిల్లు సరిపడనేదా, మిల్లుకి నువ్వు సరిపడనేదా?"

మా బావ నేలకేసి చూశాడు. తువ్వాలూ షాఫ్టూ అరుపూ ఇదంతా అరుగు మీద కూర్చుని ఎలా చెబుతాడు? చెబితే మాత్రం ఇంజన్ చేతికిస్తారా? ఆ యజమాని మంచివాడే, కాదనలేదు. కానీ ఇంజన్ తన మేనల్లుడికి అప్పగించి, మా బావని మర దగ్గర పెట్టాడు. ఒక పంట చూసి తరవాత ఇంజన్ సంగతి ఆలోచిద్దామన్నాడు. చనిపోయినవాడు నిలబడ్డ చోటే ఇప్పుడు మా బావ నిలబడాలి. నిలబడ్డాడు. కొన్ని వారాలు నిలబడి, వచ్చేశాడు.

ఆ రోజుల్లో నాకొకటి జరిగేది. తెల్లారి లేస్తూనే తలుపు ఎటు ఉందో తెలిసేది కాదు. రాజాం గదిలో తలుపు కాళ్లవైపు, బొబ్బిలిలో తలవైపు, గజపతినగరంలో ఎడమచేతివైపు. కళ్లు మూసుకునే చెయ్యి చాపి గోడని తడుముకునేదాన్ని. నిద్రలో నా పక్కన మా బావ చెయ్యి కూడా లేచేది. బెల్టు తప్పించే కర్ర పట్టుకుని లాగినట్టు గాలిలో ఒక్కసారి లాగి పడిపోయేది. ఆ చేతిని తీసి నా పొట్టమీద పెట్టుకునేదాన్ని. అప్పటికి నాకు నెల తప్పింది.

పురిటికి పుట్టింటికి వెళ్తుంటే మా బస్సు బొబ్బిలి మీదుగా పోయింది. మేమున్న వీధి మొదట్లో బస్సు ఆగింది. మిల్లు నడుస్తోంది. అదే ఇంజన్, అదే బెల్టు. గుమ్మంలోంచి కనిపిస్తోంది. ధాన్యం పోసేవాడు పాట పాడుకుంటున్నాడు. వాడి భుజం మీద ఎర్ర తుండు. ఆ అతుకు ఊడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను మా బావ మొహం చూడలేక బయటికే చూస్తున్నాను.

"నాకు తెల్సు" అన్నాడు, నేనేమీ అడక్కుండానే. "అది ఊడదని తెల్సు. నాను కుట్టిన అతుకే అది."

"మరెందుకు బావా?"

బస్సు కదిలింది.

కూతురు పుట్టాక విజయనగరం వెళ్లాం. రాజాంలో మా బావ దగ్గర ఇంజన్ పని నేర్చుకున్నవాడొకడు అక్కడ పెద్ద మిల్లులో హెడ్ డ్రైవరయ్యాడని తెలిసింది. ఆ మిల్లుకి కరెంటు మోటారు. ఇంజన్ కాదు కదా, శబ్దం వేరుగా ఉంటుందని నాకొక ఆశ. ఆ శిష్యుడు మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు. యజమానికి హామీ ఉండి మా బావకి పని ఇప్పించాడు. కాకపోతే తన కింద.

గురువుకి పని చెప్పాలంటే అతనికి నోరొచ్చేది కాదు. "బెల్టుకి మైనం రాయాలేమో కదా" అని గాలిలోకి అనేవాడు. మా బావ లేచి రాసేవాడు. జీతాల రోజున మా బావ వరసలో చివర నిలబడితే, అతను ఆ పూట ఏదో పనుందని గోదాం వైపు వెళ్లిపోయేవాడు.

మోటారైనా బెల్టు బెల్టే. ఒకరోజు మధ్యాహ్నం, బళ్లన్నీ గేటు దాకా నిలబడి ఉండగా మా బావ ఎవరికీ చెప్పకుండా మెయిన్ స్విచ్ దించేశాడు. మిల్లంతా ఆగింది. మర్నాడూ దించాడు. మూడోసారికి శిష్యుడే మా ఇంటికొచ్చాడు. తువ్వాలు చేత్తో పట్టుకుని, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"గురువుగారూ, కూకోండి, నిలబడకండి" అన్నాడు. మా బావ కూర్చోలేదు. "నాకు ఇద్దరు పిల్లలున్నారు. షావుకారు నన్నడుగుతున్నాడు, ఈ మనిషిని నువ్వే కదా తెచ్చినావని. నానేటి సెప్పను?"

"నిజవే సెప్పు. పనికి రానని సెప్పు."

"ఆ మాట నాను సెప్పలేను."

"అయితే నానే సెప్తాను" అని మా బావ చొక్కా వేసుకుని బయల్దేరాడు. అతను గుమ్మంలోనే నిలబడి ఏడ్చాడు. "అప్పా, ఈ సేతులకి పని నేర్పినోడు ఆయనే" అన్నాడు. నేను మంచినీళ్లిచ్చాను.

ఆ తరవాత ఏ మిల్లుకి వెళ్లినా ఒక్కటే మాట. మిల్లులవాళ్లందరూ ధాన్యం కొనే చోట కలుస్తారు, మాట్లాడుకుంటారు. మేం ఊరు చేరేలోపే మా కథ చేరేది. పని రాదని ఎవరూ అనలేదు. పని బాగా వచ్చు, నిలకడే లేదు అనేవారు. శ్రీకాకుళంలో ఒకాయనైతే, "నువ్వు ఏ మిల్లులోనైనా రెండో పంట చూసినావా?" అని అడిగాడు. రాజాం వదిలాక చూడలేదు. రాజాంలో అన్నేళ్లు చేసిన పని ఎవరికీ గుర్తులేదు. తరవాతి కొద్ది నెలల పనులే ఆయన పేరైపోయాయి. మొదట్లో డ్రైవరు, తరవాత మర దగ్గర మనిషి, తరవాత శిష్యుడి కింద మనిషి, ఆఖరికి బస్తాలు మోసే కూలీ. మా నాన్న చూసి వెళ్లి, మా అమ్మతో "మంచి సంబంధమే సేసినాను. ఎక్కడ పోయిందో తెలడం నేదు" అన్నాడట.

టెక్కలి అవతల, సముద్రానికి దగ్గరగా ఉప్పు మళ్లుండేవి. మా దూరపు చుట్టం ఒకాయన అక్కడ మేస్త్రీ. ఆయన పిలిస్తే వెళ్లాం. చెట్టూ చేమా లేవు. ఎటు చూసినా నీళ్లు నింపిన మళ్లు, వాటి మధ్య తెల్లటి ఉప్పు రాసులు. ఏతాంతో నీళ్లు తోడి మళ్లలోకి పెట్టేవారు. యంత్రమన్నది కనుచూపు మేరలో లేదు. చంటిదాన్ని తాటాకు గుడిసెలో వేసి నేనూ ఉప్పు మోసేదాన్ని. అరికాళ్లు పగిలి మండేవి. కానీ మా బావ రాత్రిళ్లు నిద్రపోయాడు. చెయ్యి లేవలేదు. ఒకరోజు కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని గట్టంట నడుస్తూ ఈల వేశాడు. ఆ ఈల రాజాంలో విన్నదే. నాకు భయమేసింది. మంచి కాలం వస్తే కూడా భయపడడం అప్పటికి నాకు అలవాటైపోయింది.

భయపడ్డట్టే, ఎండలు ముదిరాక ఒకరోజు బండి మీద ఆయిల్ ఇంజన్ వచ్చింది. ఏతాం బదులు పంపుతో నీళ్లు తోడాలని మళ్ల యజమాని కొన్నాడు. దించి బిగించారు గాని, ఎవరు తిప్పినా అంటుకోలేదు. మేస్త్రీకి మా సంగతి తెలుసు. అందరి ముందూ మా బావని పిలిచాడు.

"నువ్వు డ్రైవరువి కాదేటి? రా, సెయ్యెయ్యి."

మా బావ ఉప్పు తట్ట దించాడు. వెళ్లి ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. చెయ్యి వేసి విసిరాడు. నాలుగుసార్లు దగ్గి లేచింది. కూలీలందరూ నవ్వారు. పంపుకి బెల్టు తగిలించారు, నీళ్లు కాలవలోకి దూకాయి. మా బావ మొహంలో నెత్తురు లేదు. నేను తట్ట అక్కడే పడేసి వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇనబడతందా?" అన్నాను.

తలూపాడు.

"నాకు ఇనబడడం నేదు బావా. నీళ్ల సప్పుడు, ఇంజన్ సప్పుడు. అంతే."

"ముందు అతుకు సప్పుడొస్తాది" అన్నాడు, బెల్టు మీంచి చూపు తిప్పకుండా. "దానికి ఎనకాల ఆడు పిలస్తాడు. బావా అని. ప్రెతీ సుట్టుకీ పిలస్తాడు. ఆపితే గాని ఊరుకోడు."

అన్ని మిల్లులు మారినా ఈ మాట నాకు చెప్పలేదు. బెల్టు ఊడుతుందని భయమనే అనుకున్నాను. పెళ్లికి ముందు నుంచీ నేనూ ఆయన్ని అదే పిలుపు పిలుస్తున్నాను. అన్నం తినమన్నా బావా, పిల్ల ఏడుస్తోందన్నా బావా. ఇన్నాళ్లూ ఇంట్లో కూడా ఆయనకి తెరిపి లేదన్నమాట.

"అయితే నాను ఇంకలా పిలవనులే. ఇంకోనాగ పిలస్తాను" అన్నాను.

అప్పుడు తల తిప్పి నావైపు చూశాడు.

"ఒద్దు. పిలు. నువ్వు పిలస్తంటే అది నీ గొంతే. కాసేపు ఆడిది ఇనబడదు."

ఆ పూటంతా అక్కడే కూర్చున్నాను. ఇంజన్ ఆపాలని ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా పిలిచాను. గొంతు బొంగురుపోయింది. కూలీలు ఈ మొగుడూ పెళ్లాలకి ఏమైందోనని వింతగా చూశారు. సాయంత్రం మళ్లు నిండాయని మేస్త్రీ చెప్పాక, మామూలుగా ఆపాల్సిన వేళకి ఆపాడు.

తగ్గిపోయిందని చెప్పను. కొన్ని రోజులు మధ్యలోనే ఆపేసి గట్టెక్కి సముద్రంవైపు నడిచిపోయేవాడు. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఉప్పు మళ్లకి నీళ్లు ఒక జాము ఆలస్యమైతే కొంపలు మునగవు. మిల్లు వాకిట్లో బళ్లు నిలబడితే మునుగుతాయి. ఆయన అక్కడ నిలబడగలగడానికి ధైర్యం ఒక్కటే కారణం కాదు, ఇది కూడా కారణమని నాకు తెలుసు. పగలంతా పిలిచి పిలిచి, పడుకున్నాక నాకూ ఆ రెండో గొంతు వినిపించేది. ఎండుచేపల పులుసు దించుతుంటే గుమ్మంలో ఎవరో ఒళ్లు దులుపుకుంటున్నట్టు ఉండేది. మా బావకి ఆ సంగతి చెప్పలేదు. ఇద్దరం వింటే ఆ గొంతుని ఆపేవాళ్లెవరు?

విజయనగరం శిష్యుడు తరవాత ఒకసారి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త మిల్లు పెడుతున్నారు, పెద్ద పని, ఇల్లు కూడా ఇస్తారు, నేను మాట్లాడతాను రండి అన్నాడు. మా బావ అతన్ని పంపు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. మిల్లులో నలభైమంది చేత పని చేయించే మనిషి, ఈ చిన్న ఇంజన్ని ఏదో దేవుణ్ణి చూసినట్టు చూశాడు. రానని మా బావ చెప్పలేదు, వస్తాననీ చెప్పలేదు. బస్సు దాకా సాగనంపి వచ్చి, నేను ఏమైనా అంటానేమోనని నా మొహం చూశాడు. ఇల్లు కావాలని నాకూ ఉంది. అయినా ఊరుకున్నాను. ఆయన మళ్లీ డ్రైవరుగా ఏ మిల్లులోనూ అడుగు పెట్టలేదు. ఉప్పు కూలీగానే, కాస్త ఎక్కువ కూలితో, చేతనైనన్నాళ్లూ చేశాడు.

ఆ మొదటి ఏడు తొలకరి పడగానే ఉప్పు రాసుల మీద తాటాకు కప్పి అందరం మా మా ఊళ్లకి వెళ్లిపోయాం. ఇంజన్‌కి గోనెలు చుట్టి కట్టింది మా బావే. "సంకురాత్రి దాటాక వచ్చెయ్యండి" అన్నాడు మేస్త్రీ. మళ్లీ రమ్మన్న మాట విని చాలా కాలమైంది. వానాకాలమంతా మా నాన్న పొలంలో పనిచేసి, చెప్పిన వేళకి తిరిగి వెళ్లాం. గుడిసె కప్పు సగం ఎగిరిపోయింది. పొయ్యి వానకి కరిగి మట్టిముద్దయింది. పెళ్లయినప్పటి నుంచి కాపురమున్న ఏ ఇంటికీ నేను రెండోసారి రాలేదు. కూతుర్ని గట్టుమీద కూర్చోబెట్టి, మట్టి తడిపి, అదే చోట పొయ్యి వేశాను. మా బావ కప్పెక్కి తాటాకు సర్దుతున్నాడు. ఇంజన్ గోనెలు ఇంకా విప్పలేదు. గాలి మాత్రం వీస్తోంది. తాటాకు టపటపమంటున్న ఆ చప్పుడుకి మధ్య మధ్య ఆయన చేతులు ఆగి, మళ్లీ కదులుతున్నాయి.